ఆఫీసంతా భవానీ ద్వీపానికి వెళ్లొస్తే కలిసి పనిచేస్తారా? అవుట్‌డోర్ టీమ్ బిల్డింగ్‌తో ఏం మారుతుంది, ఏం మారదు?

కార్తీక మాసం వచ్చిందంటే చాలు.. ఆదివారాల్లో పున్నమి ఘాట్ దగ్గర పడవ ఎక్కడానికి క్యూలు కనిపిస్తాయి. కుటుంబాలు, స్కూలు పిల్లలు, వీళ్లతో పాటు ఈ మధ్య ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఆఫీసు బృందాలు కూడా. చేతిలో బ్యానర్, దాని మీద కంపెనీ పేరు, కింద 'టీమ్ బిల్డింగ్ డే' అనో 'అవుట్‌బౌండ్ ట్రైనింగ్' అనో రాసి ఉంటుంది. బెజవాడ, గన్నవరం, గుడివాడ, మచిలీపట్నం.. ఎక్కడి ఆఫీసైనా ఏడాదికో రోజు ఇలా బయటికి తీసుకెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. బ్యాంకులు, ఆసుపత్రులు, ఐటీ కంపెనీలు, ప్రైవేటు కాలేజీలు, ఆఖరికి బైక్ షోరూమ్‌లు కూడా.

మరి ఈ ఖర్చంతా దేనికి? సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చాక అకౌంట్స్ వాళ్లు, సేల్స్ వాళ్లు నిజంగానే ఒకరికొకరు సాయం చేసుకుంటారా? లేక వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడ్డాక కథ మళ్లీ మొదటికే వస్తుందా? దీని మీద ప్రపంచంలో చాలా ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి. వాటిల్లో తేలింది ఒకటైతే, మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది ఇంకొకటి. ఆ తేడా ఏంటో చూద్దాం.

అసలు ఇది ఎక్కడ మొదలైంది?

ఈ శిక్షణ పుట్టింది ఆఫీసుల కోసం కాదు, ఓడల మీద పనిచేసే కుర్రాళ్ల కోసం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ సబ్‌మెరైన్లు బ్రిటిష్ వాణిజ్య నౌకలను ముంచేస్తున్నాయి. లైఫ్‌బోట్లలోకి దూకిన వాళ్లలో వయసులో ఉన్న కుర్రాళ్లే త్వరగా చేతులెత్తేస్తున్నారని, సముద్రం తెలిసిన పెద్దవాళ్లు నిలబడుతున్నారని ఓ షిప్పింగ్ కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడని చెబుతారు. హిట్లర్ ప్రభుత్వం జైల్లో పెడితే, విడుదలయ్యాక బ్రిటన్‌కు వచ్చేసిన విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలిసి ఆయన 1941లో వేల్స్ తీరంలోని అబర్‌డోవీలో ఓ స్కూలు పెట్టించాడు. అదే 'అవుట్‌వర్డ్ బౌండ్'. రేవు వదిలి సముద్రంలోకి బయల్దేరిన ఓడను అలా పిలుస్తారు. మన దగ్గర వినిపించే 'అవుట్‌బౌండ్ ట్రైనింగ్' అన్న మాట వెనకున్నది ఆ ఓడ మాటే.

ఇంకో వేరు సైన్యంలో ఉంది. 1942లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల ఎంపిక కోసం నాయకుడు లేని బృందానికి చెక్కలు, తాళ్లు, డ్రమ్ములు ఇచ్చి 'ఈ గుంట దాటండి' అని పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. మన ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన వాళ్లను అడగండి.. గ్రూప్ టాస్కుల గురించి వాళ్లు చెప్పేది అచ్చం ఇదే. అయితే ఒక్క తేడా ఉంది. సైన్యంలో ఆ ఆట మనిషిని ఎంచడానికి, మనుషుల్ని కలపడానికి కాదు. ఆఫీసు అవుటింగుల్లో ఆ ఆటనే తెచ్చి పెట్టి, ఉద్దేశం మాత్రం మార్చేశారు. ఆట మారకుండా ఫలితం మారుతుందా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మన దేశంలో కంపెనీల స్థాయిలో దీన్ని గట్టిగా పట్టుకున్నది టాటా స్టీల్. 1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ సారథ్యంలో అదే ఏడాది టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ మొదలైంది. ఐఏఎస్‌కు ఎంపికైన వాళ్లను ముస్సోరీ అకాడమీ ఫౌండేషన్ కోర్సులో భాగంగా హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి పంపుతుంది. తెలుగు నేల మీద భువనగిరి కొండకు ఇలాంటి పేరుంది. గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ రాతి మీదే. అవి రోజుల తరబడి సాగే శిక్షణలు. మన ఆఫీసులకు దొరికేది ఒక్క ఆదివారం.

తెప్ప కడితే ఏం తెలుస్తుంది?

నది పక్కన చేయించే ఆటల్లో పేరున్నది తెప్ప కట్టడం. నాలుగు ఖాళీ డ్రమ్ములు, ఆరేడు వెదురు బొంగులు, కొంత తాడు ఇస్తారు. ఎనిమిది మంది కలిసి అరగంటలో తెప్ప కట్టాలి, దాని మీద కొంత దూరం వెళ్లి రావాలి. వినడానికి తేలికే. కానీ ఆ అరగంటలో ఆఫీసు మొత్తం బయటపడిపోతుంది.

ఓ ట్రాన్స్‌పోర్టు కంపెనీ బ్రాంచి అనుకుందాం. మేనేజర్ గారు వెంటనే ఆర్డర్లు వేస్తారు. ఇద్దరు 'అలాగే సార్' అంటారు. ఒకరిద్దరు ఫోన్లు చూసుకుంటారు. ముడి ఎలా వెయ్యాలో నిజంగా తెలిసిన వాడు లోడింగ్ సెక్షన్ కుర్రాడు. లారీ మీద సరుకుకి రోజూ మోకులు బిగించేది అతనే కదా. కానీ అతన్ని ఎవరూ అడగరు. అతనూ చెప్పడు. సార్ మాట్లాడుతుంటే మధ్యలో ఎలా చెప్తాడు? తెప్ప నీళ్లలోకి వెళ్తుంది, ముడి జారుతుంది, డ్రమ్ము ఓ పక్కకి, బొంగులు ఇంకో పక్కకి పోతాయి. అందరూ తడిసి నవ్వుకుంటారు.

ఇక్కడ రెండు రకాలుగా జరగొచ్చు. నవ్వుకుని బిర్యానీ దగ్గరికి వెళ్లిపోతే అది పిక్నిక్. 'ముడి వెయ్యడం మనలో ఎవరికి తెలుసు? అతన్ని మనం ఎందుకు అడగలేదు? ఆఫీసులో కూడా ఇలాగే జరుగుతోందా?' అని కూర్చుని మాట్లాడుకుంటే అది శిక్షణ. చాలా ప్యాకేజీల్లో కోత పడేది సరిగ్గా ఈ మాట్లాడుకునే గంటకే. మూడు ఆటలు, రెండు స్నాక్స్, ఓ డీజే.. మాట్లాడుకోవడానికి టైమ్ ఎక్కడిది?

ఈ గంటకు ఎంత విలువుందో లెక్క ఉంది. పని అయ్యాక ఏం జరిగిందో బృందమంతా కలిసి చర్చించుకోవడాన్ని డీబ్రీఫ్ అంటారు. దీని మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ 2013లో టానెన్‌బామ్, సెరసోలీ అనే ఇద్దరు పరిశోధకులు కలిపి చూశారు. సరిగ్గా జరిపిన డీబ్రీఫ్ వల్ల పనితీరు సగటున 20 నుంచి 25 శాతం మెరుగవుతోందని తేల్చారు. దీనికి డ్రమ్ములు అక్కర్లేదు, పడవలు అక్కర్లేదు. ఆఫీసు క్యాంటీన్‌లోనూ చెయ్యొచ్చు.

కలిసి తింటే కలిసిపోతారా?

తెలుగువాళ్లకు అవుటింగ్ కొత్తేం కాదు. కార్తీక వనభోజనాలు ఏనాటి నుంచో ఉన్నాయి. ఉసిరి చెట్టు కింద అందరూ కలిసి వండుకుని తినడం, పాటలు, ఆటలు. కాలనీలు చేస్తాయి, అపార్టుమెంట్లు చేస్తాయి, ఉద్యోగ సంఘాలూ చేస్తాయి. అయితే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఏళ్లుగా జరుగుతున్న మరో సంగతి కూడా అందరికీ తెలిసిందే.. కులాల వారీ వనభోజనాలు. ఫలానా సంఘం వాళ్లది ఫలానా తోటలో, ఇంకో సంఘం వాళ్లది ఇంకో తోటలో. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చునే ఇద్దరు, ఆదివారం వేర్వేరు తోటల్లో భోంచేసి సోమవారం వస్తారు. చెట్టు కింద భోజనం మనుషుల్ని దగ్గర చేస్తుందన్నది నిజమే. కానీ ఎవర్ని ఎవరికి దగ్గర చేస్తుందన్నది ఎవర్ని పిలిచారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మరి అందర్నీ ఒకే తోటకి పిలిస్తే సరిపోతుందా? దానికీ జవాబు దొరికింది. ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త టర్కీ నుంచి అమెరికా వెళ్లినవాడు. 1954లో ఓక్లహోమా రాష్ట్రంలోని రాబర్స్ కేవ్ పార్కులో 22 మంది అబ్బాయిలతో ఓ క్యాంపు పెట్టాడు. పిల్లల్ని రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు తమకు తామే 'ఈగల్స్' అని, రెండోది 'రాట్లర్స్' అని పేర్లు పెట్టుకున్నాయి. తర్వాత రెండు జట్లకీ మధ్య పోటీలు పెట్టారు.. బేస్‌బాల్, తాడు లాగుడు, గెలిస్తే బహుమతులు. ఇంకేముంది? కొన్ని రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వెళ్లారు. రాత్రిపూట ఒకరి గదుల మీద ఒకరు దాడులు చేసుకున్నారు.

అప్పుడు నిర్వాహకులు ఏం చేశారంటే, రెండు జట్లనూ కలిపి సినిమా చూపించారు, ఒకేచోట భోజనం పెట్టారు. ఫలితం.. ప్లేట్లలో అన్నది ఒకరి మీద ఒకరు విసురుకున్నారు! ఊరికే ఒకచోట కూర్చోబెట్టి భోజనం పెట్టడం వల్ల గొడవ తగ్గలేదు.

చివరికి పనిచేసింది వేరే ఉపాయం. క్యాంపుకి నీళ్లొచ్చే లైన్ ఆగిపోయింది (నిర్వాహకులే ఆపించారు). రెండు జట్లూ కలిసి వెతికితే తప్ప సమస్య దొరకదు. తర్వాత భోజనం తేవాల్సిన లారీ స్టార్ట్ కాలేదు. అంతకుముందు పోటీలో వాడిన తాడునే కట్టి, ఈసారి అందరూ ఒకే వైపు నుంచి లాగారు. ఒకరి వల్ల కాని పని, అందరికీ కావాల్సిన పని. అలాంటివి కొన్ని చేశాక శత్రుత్వం మెల్లగా తగ్గింది. తిరుగు ప్రయాణంలో ఒకే బస్సులో వెళ్లడానికి వాళ్లే ఒప్పుకున్నారు.

షెరీఫ్ ప్రయోగంలో పిల్లలకు తెలియకుండా చాలా పనులు చేశారని, ఇవాళైతే అలాంటి దానికి అనుమతి దొరకదని తర్వాత విమర్శలు వచ్చాయి. అవి సబబే. అయినా మన ఆఫీసు అవుటింగ్ నడిపే వాళ్లు దాని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. మన దగ్గర రోజంతా నడిచేవి పోటీలే. ఎర్ర జట్టు, నీలం జట్టు, తాడు లాగుడు, గోనెసంచి పరుగు, చివర్లో కప్పు. అందులోనూ సేల్స్ వాళ్లంతా ఓ జట్టు, అకౌంట్స్ వాళ్లంతా ఓ జట్టుగా దిగితే అంతే సంగతులు. ఆఫీసులో ఉన్న గొడవకి టీషర్టు రంగు కూడా తోడవుతుంది. 1999లో బ్రిటన్‌లో పోటీ ఉన్న అవుట్‌డోర్ శిక్షణనీ, పోటీ లేని దాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం ఒకటి వచ్చింది. పోటీ పెట్టిన చోట ఓడిన జట్లకు గెలిచిన వాళ్లంత మేలు జరగలేదని అందులో తేలింది.

పరిశోధనలు మొత్తంగా ఏం చెబుతున్నాయి?

టీమ్ బిల్డింగ్ వల్ల పనితీరు పెరుగుతుందా అని 1999లో ఎడ్వార్డో సలాస్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసింది. మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఒక్క అంశంలో మాత్రం ఫలితం కనిపించింది.. ఎవరి పని ఏంటో స్పష్టం చేసుకోవడం. పదేళ్ల తర్వాత 2009లో అదే వరసలో మరింత పెద్ద విశ్లేషణ వచ్చింది. అందులో బొమ్మ కాస్త మెరుగ్గా ఉంది. ఒకరిపై ఒకరికి నమ్మకం, సమన్వయం లాంటి విషయాల్లో టీమ్ బిల్డింగ్ పనిచేస్తోందని తేలింది. కానీ ఎక్కువ ప్రభావం చూపినవి ఏంటంటే, లక్ష్యం నిర్ణయించుకోవడం, పాత్రలు స్పష్టం చేసుకోవడం.

కేవలం సాహస శిక్షణల మీద జాన్ హాటీ బృందం 1997లో 96 అధ్యయనాలను, 12 వేల మందికి పైగా పాల్గొన్న వాళ్లను లెక్కలోకి తీసుకుని ఓ విశ్లేషణ ఇచ్చింది. ప్రభావం మధ్యస్థంగా ఉందని, అయితే మిగతా శిక్షణల్లా కొన్నాళ్లకే కరిగిపోకుండా నిలబడుతోందని చెప్పింది. ఇక్కడ ఓ మెలిక ఉంది. ఎక్కువ రోజులు సాగిన కార్యక్రమాల్లోనే ప్రభావం బలంగా ఉంది. అవుట్‌వర్డ్ బౌండ్ కోర్సులంటే వారాల తరబడి సాగేవి. ఆ ఫలితాలను బ్రోచర్ మీద వేసి ఒక్క పూట ప్యాకేజీ అమ్మితే, అది ట్రెక్కింగ్ పేరు చెప్పి కొండపల్లి ఖిల్లా మెట్ల దాకా తీసుకెళ్లి వచ్చినట్టే.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఓ తయారీ కంపెనీలోని 51 బృందాలను పరిశీలించి 1999లో రాసిన పేపర్ ఇంకో కోణం చూపించింది. తప్పు జరిగితే చెప్పడానికి, తెలియనిది అడగడానికి భయపడని బృందాలే త్వరగా నేర్చుకుంటున్నాయి. పైన చెప్పుకున్న లోడింగ్ కుర్రాడి సంగతి ఇదే. నది ఒడ్డున 'సార్, ఆ ముడి నిలవదు' అని ఒకసారి అనగలిగితే, గోడౌన్‌లో 'సార్, ఈ లోడ్ ఎక్కువైంది' అని కూడా అనగలడు. అయితే ఒడ్డున అలా అన్నందుకు సోమవారం అతనికి ఏం జరిగిందన్నది మిగతా అందరూ గమనిస్తారు. అసలు పరీక్ష అక్కడుంది.

2024 వరదలు చూపించింది ఏంటి?

పుస్తకాల్లో మాటలు పక్కన పెట్టి మన కళ్ల ముందు జరిగింది చూద్దాం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు గట్లు తెగాయి. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. అదే సమయంలో కృష్ణకు ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎన్డీఆర్‌ఎఫ్, ఎస్డీఆర్‌ఎఫ్, సైన్యం, నేవీ, ఫైర్, మున్సిపల్, కరెంటు, ఇరిగేషన్.. ఇన్ని శాఖలు ఒకేసారి దిగాయి. వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు.

మొదటి రోజుల్లో జనం నుంచి వచ్చిన ఫిర్యాదు గుర్తుందా? మెయిన్ రోడ్డు దాకా ఆహారం వచ్చింది, లోపలి వీధులకు రాలేదని. సరుకు ఉంది, మనుషులున్నారు, పడవలూ ఉన్నాయి. ఏ వీధికి ఎవరు అన్నది తేలేదాకా అవి లోపలికి చేరలేదు. పరిశోధకులు చెప్పిన 'పాత్రల స్పష్టత' అంటే ఇదే. అది లేకపోతే ఆకలి.

ఇదే వరదలో మరో దృశ్యం. పైనుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొని ఇరుక్కున్నాయి. రెండు గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని కొద్ది రోజుల్లోనే మార్చేశారు గానీ పడవలు తియ్యడం మాత్రం తలకు మించిన పనైంది. క్రేన్లతో ఎత్తబోతే కదల్లేదు. డైవర్లు నీటి అడుగున కొయ్యబోయారు, అదీ అంత తేలిగ్గా కాలేదు. చివరికి రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో జతచేసి, చైన్ పుల్లీలతో కింది పడవను పైకి లేపి ఒడ్డుకు లాగారు. ఇంజనీర్లు, డైవర్లు, నది తెలిసిన పడవ పనివాళ్లు.. ఏ ఒక్కరి విద్యతోనూ అయ్యే పని కాదు అది. ప్రతి ప్రయత్నం విఫలమైనప్పుడూ ఆగి, ఎందుకు కాలేదో చూసుకుని, పద్ధతి మార్చుకున్నారు. మన తెప్ప ఆటకి ఇంతకన్నా పెద్ద రూపం దొరకదు.

కలిసి పనిచెయ్యడమే ఉద్యోగమైన వాళ్లు మన పక్కనే ఉన్నారు. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది. 2025 జనవరి 19న అక్కడి క్యాంపస్‌ను, పక్కనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ క్యాంపస్‌ను కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. ఎన్డీఆర్‌ఎఫ్ సిబ్బంది కేంద్ర సాయుధ బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు, కొన్నేళ్లకు మళ్లీ వెళ్లిపోతారు. అంటే బృందంలో మనుషులు ఎప్పుడూ మారుతూనే ఉంటారు. అయినా బృందం నడుస్తుంది. ఒక్కో గాలింపు బృందంలో 45 మంది ఉంటారు.. ఇంజనీర్లు, టెక్నీషియన్లు, ఎలక్ట్రీషియన్లు, డాగ్ స్క్వాడ్, వైద్య సిబ్బంది. మనిషి మారినా స్థానం మారదు, ఆ స్థానంలో ఉన్నవాడు ఏం చెయ్యాలో మిగతా అందరికీ తెలుసు. స్నేహం మీద కాకుండా పదే పదే చేసిన అభ్యాసం మీద నిలబడే సహకారం ఇది.

మామూలు కంపెనీలకు ఇందులోంచి పనికొచ్చేది మాక్ డ్రిల్. ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో వాడే, నిల్వ చేసే యూనిట్లు 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చెయ్యాల్సిందే. చాలాచోట్ల దాన్ని రిజిస్టర్‌లో సంతకాల పనిగా చూస్తారు. నిజానికి సెక్యూరిటీ గార్డు నుంచి ప్లాంట్ మేనేజర్ దాకా అందర్నీ ఒకే పనిలోకి దించే అవుట్‌డోర్ టీమ్ శిక్షణ అదే, అదీ విడిగా ఏ ప్యాకేజీ కొనకుండా. ఆసుపత్రులు అగ్నిప్రమాదం డ్రిల్ చేసినా అంతే. వార్డు బాయ్‌కి తెలిసిన వెనక మెట్లదారి డాక్టర్‌కి తెలియదని బయటపడేది అప్పుడే.

ఎవరు రావట్లేదో చూశారా?

అవుటింగ్ ఫొటోలో ఉన్నవాళ్లని కాదు, లేనివాళ్లని లెక్కపెట్టండి. మన దగ్గర చాలా ఆఫీసుల్లో రెగ్యులర్ ఉద్యోగుల పక్కనే అవుట్‌సోర్సింగ్ వాళ్లు అదే పని చేస్తుంటారు. అవుటింగ్ లిస్టు తయారయ్యేసరికి వాళ్ల పేర్లు ఉండవు. 'వాళ్లు మన రోల్స్‌లో లేరు కదా' అన్నది జవాబు. రోజూ కలిసి పనిచెయ్యాల్సిన వాళ్లలో సగం మందిని వదిలేసి సహకారం పెంచుతామంటే ఎలా? వదిలేసిన వాళ్ల మనసులో ఏం ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ల విషయం మరోటి. ఆదివారం పెట్టడం, తిరిగొచ్చేసరికి చీకటి పడటం, నీళ్లలో తడిసే ఆటలు, మార్చుకోవడానికి గది లేకపోవడం.. వీటివల్ల చాలామంది రారు, లేదా వచ్చి ఓ పక్కన కూర్చుంటారు. తర్వాత 'మేడమ్స్ పార్టిసిపేట్ చెయ్యరండీ' అన్న మాట వాళ్ల మీదే పడుతుంది. పని రోజున పెట్టి, చీకటి పడకముందే ముగిస్తే సగం సమస్య తీరిపోతుంది. ఇంకో విషయం. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఉద్యోగంలో భాగంగా వెళ్లిన ఏ చోటైనా, కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు అయినా పని ప్రదేశమే. అవుటింగ్‌లో జరిగింది ఆఫీసు బయట జరిగింది కాబట్టి మాకు సంబంధం లేదని యాజమాన్యం అనడానికి లేదు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, నీళ్లంటే భయమున్నవాళ్లు 'నేను చెయ్యను' అంటే అక్కడితో ఆగాలి. భయాన్ని జయించడం పేరుతో బలవంతం చేస్తే ఏమవుతుందో అమెరికాలో చూశారు. 2001లో ఫ్లోరిడాలో బర్గర్ కింగ్ మార్కెటింగ్ ఉద్యోగుల్ని టీమ్ స్ఫూర్తి కోసమని నిప్పుల మీద నడిపించారు. డజను మంది దాకా కాళ్లు కాల్చుకున్నారు.

కృష్ణలోకి దిగేముందు..

మనకు దగ్గర్లో ఉన్న చోట్లన్నీ నీళ్ల పక్కనే. భవానీ ద్వీపం, మంగినపూడి, సూర్యలంక, హంసలదీవి. అందుకే ఈ మాట చెప్పక తప్పదు. 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం. భవానీ ద్వీపం చూసుకుని పవిత్ర సంగమం హారతికి బయల్దేరిన పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు వాకర్స్ క్లబ్ సభ్యులు, వాళ్ల కుటుంబాల వాళ్లు. రోజూ పొద్దున్నే కలిసి నడిచే వాళ్లు, కలిసి ఓ రోజు సరదాగా గడుపుదామని వచ్చారు. ఆ పడవకు అనుమతి లేదు, జనం పరిమితికి మించి ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. ఆ తర్వాతే బోట్ల రాకపోకల మీద నిఘాకి రాష్ట్రంలో కంట్రోల్ రూములు పెట్టారు.

కాబట్టి ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు మెనూ కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. పడవకు అనుమతి పత్రం ఉందా, ఎంతమందికి ఉంది? ప్రతి మనిషికీ సరిపడే లైఫ్ జాకెట్ ఉందా? ఈత వచ్చిన, రక్షణ శిక్షణ ఉన్న మనిషి ఎంతమందికి ఒకరు? తెప్ప ఆట మోకాలి లోతు దాటని చోట పెడుతున్నారా? దగ్గర్లోని ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? వీటికి 'అన్నీ మేం చూసుకుంటాం సార్' అన్న జవాబు వస్తే వేరే వాళ్లని చూసుకోవడం మంచిది. 'ఇంకో నలుగురే కదా, సర్దుకోండి' అని పడవ వాడు అన్నప్పుడు 'మేం ఎక్కం' అని బృందంలో ఎవరో ఒకరు అనగలగాలి, మిగతావాళ్లు అతని పక్కన నిలబడాలి.

సీజన్ కూడా ముఖ్యమే. ఏప్రిల్, మేలో డెల్టాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి ఉక్కపోత తోడు. రోహిణి కార్తెలో ఎర్రటి ఎండలో తాడు లాగుడు పెట్టి వడదెబ్బ తెచ్చుకోవద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. జూలై నుంచి అక్టోబర్ దాకా పైనుంచి నీళ్లు వదిలే కాలం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది జారీ చేస్తారు. కానీ వరద పెరుగుతోందంటే అంతకు చాలా ముందే ద్వీపానికి పడవలు ఆపేస్తారు. ఆ నెలల్లో బుక్ చేసుకునేవాళ్లు, బోట్లు ఆగిపోతే అడ్వాన్సు తిరిగిస్తారా లేక తేదీ మారుస్తారా అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి.